మధ్యలో పెట్టిన బీడీ

మా ఇంట్లో ఏ సంగతైనా కరెంటు పోయినప్పుడే తేలుతుంది. ముందు గదిలో నాలుగు పవర్‌లూమ్‌లు తువ్వాళ్ళు నేస్తుంటే వెనక గదిలో మనిషి అరిచినా వినపడదు. పెళ్ళి సంబంధమైనా, ఫ్రిజ్ కొనడమైనా, ఒకరి మీద ఒకరికి కోపమైనా కరెంటు కోత దాకా ఆగాల్సిందే. ఆ ఎండాకాలం సోలాపూర్‌లో మా నీలం నగర్‌లో రోజూ మధ్యాహ్నం రెండింటికి పోయి మూడున్నరకు వచ్చేది. అందుకే అప్పుడు మాట్లాడుకున్నంత మేం మరెప్పుడూ మాట్లాడుకోలేదు. మాట్లాడుకున్నదంతా ఒక్క కార్డు గురించే.

అసలు మొదలైంది కార్డుతో కాదు, గంగుబాయి చిన్నత్త కళ్ళతో. ఆమె మా అత్తమ్మ సుందరాబాయికి చెల్లెలు. సూరత్‌లో ఉంటుంది. రోజూ సాయంత్రం అక్కాచెల్లెళ్ళిద్దరూ ఫోను స్పీకర్లో పెట్టుకుని, ఏం కూర వండారనే దగ్గర మొదలుపెట్టి చచ్చిపోయిన చుట్టాలందరినీ ఒక చుట్టు తిట్టి ఫోను పెట్టేస్తారు. ఉగాది దాటాక ఒక రోజు చిన్నత్త ఎవరినీ తిట్టలేదు.

“అక్కా, ఎడమ కన్ను పోయినట్టే. కుడిదాంట్ల పొగ లెక్క కనబడ్తున్నది. వానలు పడేదాక ఉంటె గొప్ప అన్నడు డాక్టర్. గా లోపట ఒక్కపారి నీ మొకం సూడాలె.”

మా అమ్మాయి ఋతుజ చటుక్కున వీడియో పెట్టబోయింది. “గా ఫోన్ల ఏం కనబడ్తది బిడ్డా, అగ్గిపెట్టంత ఉంటది,” అంది చిన్నత్త.

చిన్నత్త ఇక్కడికి వచ్చే వీల్లేదు. ఆమె భర్త పక్షవాతంతో మంచంలో ఉన్నాడు. అత్తమ్మ అక్కడికి పోయే వీల్లేదు. రెండేళ్ళ కింద తుంటి విరిగి లోపల ప్లేటు వేశారు. రైలు మెట్లు ఎక్కలేదు, ఊగే రైల్లో నిలబడలేదు, పైగా పద్నాలుగు గంటలు. కారంటే పొద్దంతా. అప్పటికి మా ఊరి హోట్గి రోడ్ ఎయిర్‌పోర్టు నుంచి ముంబయికి విమానం మొదలై కొన్ని నెలలే అయింది. గంట ప్రయాణం, చక్రాల కుర్చీలోనే ఎక్కిస్తారు. ముంబయి దాకా వస్తే చాలు, కారు తెచ్చుకుని దారిలో ఎన్నిసార్లంటే అన్నిసార్లు ఆపుకుంటూ తీసుకుపోతానని చిన్నత్త కొడుకు రాకేశ్ అన్నాడు.

విమానం అన్న మాట ఇంట్లో పడిన వారానికే అభిజిత్ వచ్చాడు. మా ఆయన వీరేష్‌కు తెలిసినవాళ్ళ ద్వారా వచ్చిన బ్యాంకు మనిషి. అంత ఎండలోనూ టై కట్టుకున్నాడు. మరాఠీలో గడగడా చెప్పాడు. ఫలానా విమానం కంపెనీ క్రెడిట్ కార్డు ఇది, దీంతో ఏం కొన్నా పాయింట్లు పడతాయి, మూడు నెలల్లో లక్షన్నర ఖర్చు పెడితే ఒక టికెట్ ఉచితం అన్నాడు.

“లక్షన్నర ఎక్కడ వెడ్తం మేము?” అన్నాను.

“నూలు కొంటారు కదా కాకూ,” అన్నాడు. ఆ ఒక్క మాటతో మా ఆయన మొహం వెలిగిపోయింది. నాదీ వెలిగింది. ఎందుకు దాచాలి? ఉచితంగా వచ్చేదంటే నాకు ప్రాణం. కూరగాయల బండివాడు కొత్తిమీర కొసరు వేయకపోతే తూకం వేసిన వంకాయలు తిరిగి బండి మీద పోసిన మనిషిని నేను.

గడప దగ్గర కూర్చున్న అత్తమ్మ తల ఎత్తకుండా అడిగింది. “టికెట్ ఎంతుంటది?”

“ఆజీ, టికెట్ ఫ్రీ!” అన్నాడు అభిజిత్, మరాఠీలో నానమ్మను పిలిచినట్టు.

అత్తమ్మ ఒక బీడీ చుట్టింది. ఇక్కడ మా అత్తమ్మ పద్ధతి ఒకటి చెప్పాలి. ఆమెకు చదువు రాదు. పెళ్ళి కాకముందు నుంచి బీడీలే పని. ఇంట్లో పెద్ద సంగతి ఏది నడుస్తున్నా ఆమె రెండు డబ్బా మూతలు ముందున్న బీడీల చాటలో పెట్టుకుంటుంది. ఎవరు లాభం మాట చెప్పినా ఒక బీడీ చుట్టి కుడి మూతలో, నష్టం మాట చెబితే ఎడమ మూతలో. రోజులు గడిచినా వాటిని ముట్టుకోదు. చివరికి ఏది ఎక్కువుంటే అది. తేలిపోయాక రెండు మూతలవీ తీసి ఆ రోజు కట్టల్లో కలిపేస్తుంది. ఆమె చుట్టిన బీడీ ఏదీ వృథాగా పోదు.

నన్ను ఈ ఇంటికి తెచ్చుకోవాలా వద్దా అన్నదీ అట్లాగే తేల్చింది. పదకొండు, ఏడు. ఇరవై నాలుగేళ్ళయింది. నాలో ఉన్న ఆ ఏడు తప్పులేమిటో ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు.

ఆ రోజు అభిజిత్ చెప్పిన మాటలకు కుడి మూతలో నాలుగు పడ్డాయి. ఉచితం టికెట్, చేరగానే వచ్చే పాయింట్లు, నలభై అయిదు రోజుల దాకా వడ్డీ లేకపోవడం, ఎయిర్‌పోర్టులో ఊరికే టిఫిన్ పెట్టే గది. అయిదోది చెప్పినప్పుడు మాత్రం ఆమె చేయి గాల్లో ఆగింది.

“విమానం ప్రమాదం జరిగితే యాభై లక్షలు ఆజీ!”

“ఇమానం పడితె పైసలా? గిది లాభమా, నష్టమా?” అని ఒక క్షణం ఆలోచించి ఎడమ మూతలో పడేసింది.

అభిజిత్ లేచి పోయాక చూశాను. రెండు మూతలకూ చెందకుండా ఒక బీడీ చాట మధ్యలో ఒంటరిగా ఉంది. చేయి జారి పడిందనుకున్నాను.

*

నూలు సంగతి తేల్చుకోవడానికి మా ఆయన జోడ్‌భావి పేట్‌లో నర్సప్ప దుకాణానికి పోతుంటే నేనూ వెంట పోయాను. నర్సప్ప మా మామ కిష్టయ్య కాలం నుంచి మాకు నూలు ఇస్తున్నాడు. కాగితం లేదు, సంతకం లేదు. తువ్వాళ్ళు అమ్ముడుపోయాక ఇస్తాం, ఆయన తీసుకుంటాడు. అంతే.

“కాకా, గీపారి కార్డు మీద కొడ్త,” అన్నాడు మా ఆయన.

నర్సప్ప కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. “మీ అయ్య సచ్చిపోయిన నెల నూలు బంద్ చేసిన్నా?”

“లే కాకా.”

“కరోనాల బంద్ చేసిన్నా?”

“లే కాకా, ఇది గట్ల గాదు. పాయింట్లు పడ్తయి.”

“పడనియ్. మిషన్ల గీకితె వందకు రెండు రూపాలు నాకు కట్ అయితయి. గవి నువ్వే ఇయ్యాలె. ఇచ్చి గీకు.” తర్వాత నా వైపు తిరిగి, “చాయ్ తాగుతవా బిడ్డా?” అన్నాడు. మామూలుగా అడగడు, తెప్పిస్తాడు. అడిగాడంటే మనసు నొచ్చుకున్నాడని అర్థం. తాగకుండానే వచ్చేశాం.

నర్సప్ప మాట ఎడమ మూతలో పడింది. అయినా నేను తగ్గలేదు. ఋతుజ బీకాం చివరి ఏడాది చదువుతోంది. కార్డు కాగితాలు ముందేసుకుని మధ్యాహ్నం పూట అందులోని చిన్న అక్షరాలు పైకి చదివేది. ఏడాదికి మూడు వేల అయిదు వందల ఫీజు. దాని మీద పన్ను. ఒక్క నెల కట్టడం తప్పితే నెలకు నూటికి మూడున్నర వడ్డీ. పాయింటంటే రూపాయి కాదు, ముప్పై పైసలు. అది ఒక్కో మాట చదువుతుంటే అత్తమ్మ ఎడమ మూత వైపు చేయి చాపేది. నేను వెంటనే ఒక లాభం వెతికేదాన్ని. కరెంటు బిల్లుకూ పాయింట్లు పడతాయని, రెండో ఏడు సగం ధరకే టికెట్ వస్తుందని, విమానంలో తిండికి తగ్గింపు ఉందని. లాభాలు వెతకడంలో నన్ను మించినవాళ్ళు లేరు.

“మమ్మీ, ఇంకోటి. వాళ్ళ ఇమానం సోలాపూర్ రానే రాదు. పుణె పోయి ఎక్కాలె.”

“పుణెదాక కారు వెట్టుకుందం,” అన్నాడు మా ఆయన.

“కారు కిరాయి?” అంది ఋతుజ.

“టికెట్ ఫుకట్ గదనే!” అన్నాం మేమిద్దరం ఒకేసారి.

“ఇగో, టికెట్ ఎంత?” అంది అత్తమ్మ మళ్ళీ.

“అదే చెప్తున్నం గదా అత్తమ్మా, ఫుకట్,” అన్నాను కొంచెం గట్టిగా. ఆమె చాట మధ్యలో ఉన్న ఆ ఒక్క బీడీని కొంచెం సర్ది పెట్టింది.

ఏప్రిల్ పోయింది. మే సగం పోయింది. నలభై మూడు డిగ్రీల ఎండ. సాయంత్రం ఫోన్లో చిన్నత్త, “అక్కా, బియ్యంల రాళ్ళు ఏరుడు బంద్ చేసిన. కోడలే ఏరుతున్నది,” అని ఒకరోజు, “గోడ మీద గడియారం ముల్లు కనబడ్తలే,” అని ఇంకోరోజు చెప్పేది. అత్తమ్మ ఆ కబుర్లు వింటూ చుట్టేది. కుడి మూతలో తొమ్మిది, ఎడమ మూతలో ఆరు అయ్యాయి. నేను గెలిచాను. సోమవారం అభిజిత్ వస్తాడు, సంతకం పెడదామని మా ఆయన అన్నాడు.

*

శనివారం బీడీ కట్టలు కార్ఖానా బ్రాంచిలో ఇవ్వాలి. అత్తమ్మ కాలు విరిగినప్పటి నుంచి ఆ పని నాదే. పదకొండింటికి బ్రాంచి మూసేస్తారు. నేను తువ్వాళ్ళ అంచులు కుట్టడంలో పడి పదిన్నరకు చూసుకున్నాను. కట్టకు ఇరవై అయిదు. చివరి కట్టలో తొమ్మిదే ఉన్నాయి. అత్తమ్మ స్నానానికి పోయింది. పదహారు తక్కువ. చాటలో చూస్తే ఆ మూతలో కొన్ని, ఈ మూతలో కొన్ని, మధ్యలో ఒకటి. లెక్కపెడితే సరిగ్గా పదహారు. దేవుడే సర్దిపెట్టాడనుకుని దారంతో బిగించి కట్టి పరుగెత్తాను.

మూతల సంగతి నాకు బ్రాంచి నుంచి తిరిగొచ్చేటప్పుడు, సగం దారిలో గుర్తొచ్చింది. నడిరోడ్డు మీద అట్లాగే నిలబడిపోయాను. వెనక ఆటోవాడు తిట్టాడు.

ఆ మధ్యాహ్నం కరెంటు పోయింది. మగ్గాలు ఆగాయి. అత్తమ్మ వచ్చి గడప దగ్గర కూర్చుంది.

“శాంతా, మూతలల్ల బీడీలేవే?”

“ఇచ్చేసిన అత్తమ్మా. కట్ట తక్కువ పడ్డది.” తిడుతుందేమోనని తల వంచుకున్నాను.

మా ఆయన తల పట్టుకున్నాడు. ఋతుజ పకపకా నవ్వింది. “నెలన్నర లెక్క మమ్మీ! ఇప్పటికి ఎవలో కాల్చి పారేసుంటరు.”

అత్తమ్మ తిట్టలేదు. మూతలు రెండూ తుడిచి ముందు పెట్టుకుంది. “పాయె. మల్ల మొదటి నుంచి చెప్పుండ్రి,” అంది.

మేం గొంతులు సవరించుకుంటుండగానే ఆమె ఒక ఆకు తీసుకుంది. తంబాకు వేసింది, చుట్టింది, దారం కట్టింది. దాన్ని తీసి ఏ మూతలోనూ వేయలేదు. చాట మధ్యలో పెట్టింది.

“ఇంకా ఎవ్వరం ఏం చెప్పలే గదా ఆజీ. ఇదేంది?” అంది ఋతుజ.

“గిది నేనడిగిన మాట. అన్నిటికన్న ముందు అడిగిన. ఎవ్వలు చెప్పలే. అందుకే ఏ పక్క ఎయ్యాల్నో తెల్వక నడిమిట్ల పెట్టిన. పైసలిచ్చి కొంటె టికెట్ ఎంత?”

నేను నోరు తెరిచాను. ఉచితం అనే మాట నాలుక చివర దాకా వచ్చి ఆగిపోయింది. ఋతుజ ఫోన్ తీసింది.

“సోలాపూర్ నుంచి ముంబయి. వచ్చే బేస్తవారం.” గొంతు తగ్గించి చెప్పింది. “మూడు వేల ఎనిమిది వందల ముప్పై.”

“మరి కార్డు ఫీజు?” అన్నాడు మా ఆయన. జవాబు ఆయనకూ తెలుసు.

“పన్ను కలిపి నాలుగు వేల నూట ముప్పై పప్పా.”

అది అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఋతుజ వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. కార్డు రావడానికి పదిహేను రోజులు. లక్షన్నర ఖర్చు కావడానికి మూడు నెలలు. ఆ తర్వాత టికెట్. “సెప్టెంబర్,” అంది. వానలు పడేదాకా చూపు ఉంటే గొప్పని డాక్టర్ చెప్పిన మాట మా అందరికీ ఒకేసారి గుర్తొచ్చింది.

నాకు ఏడుపొచ్చింది. సిగ్గుతో వచ్చిన ఏడుపు అది. నెలన్నర పాటు ఈ ముసలామెను ఊరికే ఎట్లా పంపాలా అని తొమ్మిది దారులు వెతికాను. డబ్బు పెట్టి పంపొచ్చన్నది ఒక్కసారి కూడా తట్టలేదు. ఋతుజ కాలేజీకి ఫీజు కడతాం, మగ్గానికి మోటారు కొంటాం, చుట్టాల పెళ్ళికి చీర పెడతాం. అత్తమ్మకు ఏదైనా కావాలంటే మాత్రం అది ఉచితంగా దొరికితేనే బాగుంటుందని మా లోపల ఎక్కడో ఉంది. అది నాలోనే ఎక్కువ ఉంది.

“అమ్మా, ఎన్నడో అడగకపోయినవా,” అన్నాడు మా ఆయన. ఆ మాట అంటూనే తప్పు తెలుసుకుని నాలుక కరుచుకున్నాడు.

“అడిగిన బిడ్డా. మగ్గాలు బందున్నప్పుడే అడిగిన,” అంది అత్తమ్మ. కోపంగా కాదు, ఉన్నమాట చెప్పినట్టే అంది.

ఆయన లేచి ముందు గదిలోకి పోయి ఆగిన మగ్గాల దగ్గర కాసేపు నిలబడి వచ్చాడు. “ఋతుజా, కొట్టు టికెట్,” అన్నాడు.

“రెండు కొట్టు,” అంది అత్తమ్మ. “ఒక్కదాన్ని ఎట్ల వోత? శాంత వస్తది. నాకు మీరు తియ్యుండ్రి. శాంతకు నేను తీస్త.” తంబాకు డబ్బా కింద నుంచి మడతపెట్టిన నోట్లు తీసింది. టికెట్‌కు ఎంతవుతుందో తెలియక అయిదు వేలు పెట్టుకుని నెలన్నరగా అక్కడే ఉంచిందట.

“నాకెందుకు అత్తమ్మా? నేనేం జేస్త అక్కడ?”

“వచ్చినప్పటి సంది అంచులు కుడ్తనే ఉన్నవు. ఎటన్న పోయినవా? నడువ్.”

సోమవారం టై కట్టుకుని అభిజిత్ వచ్చాడు. పాపం, ఆ ఎండలో రెండుసార్లు మజ్జిగ తాగాడు. వద్దని ఎట్లా చెప్పాలా అని మేం నీళ్ళు నములుతుంటే అత్తమ్మే చెప్పింది. “పోరడా, నీ కార్డు మంచిదే. నెల నెల ఇమానమెక్కెటోళ్ళకు ఇయ్యి. నేను ఒక్కపారి ఎక్కి దిగెదాన్ని.” అభిజిత్ నవ్వి, రెండో గ్లాసు మజ్జిగ పూర్తి చేసి వెళ్ళిపోయాడు. మా ఆయన అదే సాయంత్రం నర్సప్ప దుకాణానికి పోయి నోటి మాట మీద నూలు తెచ్చాడు. ఈసారి నర్సప్ప చాయ్ అడగకుండానే తెప్పించాడట.

*

బేస్తవారం పల్లీల శేంగా చట్నీ డబ్బా, జొన్నరొట్టెలు, మా మగ్గం మీద నేసిన నాలుగు తువ్వాళ్ళు సంచిలో పెట్టుకుని బయల్దేరాం. ఎయిర్‌పోర్టులో సంచిని మిషన్లోకి పంపితే ఆపేశారు. అత్తమ్మ ఆకు కత్తిరించే కత్తెర తెచ్చుకుంది. సూరత్‌లో ఊరికే కూర్చోవాలా అని. దాన్ని తెచ్చి బయట నిలబడ్డ మా ఆయన చేతిలో పెట్టాను. ఆయన ఆ కత్తెర పట్టుకునే మాకు చేయి ఊపాడు.

విమానం లేచేటప్పుడు అత్తమ్మ నా చేయి గట్టిగా పట్టుకుంది. నిజానికి నేనే ముందు పట్టుకున్నాను. పైకి పోయి నిమ్మళపడ్డాక అడిగాను.

“ఇప్పుడన్న చెప్పుండ్రి అత్తమ్మా. నాలున్న ఆ ఏడు తప్పులేంది?”

కిటికీలోంచి చూపు తిప్పకుండా చెప్పింది. “ఒకటి, నోరు పెద్దది.”

“సరే.”

“రెండోది, ఫుకట్ల ఏదొచ్చినా ఒదిలిపెట్టవు.”

“అప్పుడే ఎట్ల తెలిసింది?”

“మేము సూసెతందుకు వచ్చిన్నాడు మీ వాకిట్ల గాజులామెతోని కొట్లాడుతున్నవు గదా, ఇంకో రెండు గాజులు కొసరు ఇయ్యమని.”

నాకు నవ్వాగలేదు. పక్క సీటాయన తిరిగి చూశాడు. “మరి మిగిలిన అయిదు?”

“యాదికి లెవ్వు. అప్పుడే కట్టల కలిపేసిన. ఎవలో తాగేసుంటరు.” అని నా చేతిని వదలకుండానే కళ్ళు మూసుకుంది.

మేం సూరత్ చేరేసరికి సాయంత్రం నాలుగయింది. దారిలో రాకేశ్ కారు ఆరుసార్లు ఆపాడు. గంగుబాయి చిన్నత్త గుమ్మంలో నిలబడి, కారు చప్పుడు వచ్చిన వైపు మొహం తిప్పి ఉంది. ఆమె కొంచెం పక్కకు చూస్తోంది, మేం ఉన్న చోటికి కాదు. నేను అత్తమ్మను నడిపించుకుపోయాను. వాళ్ళిద్దరూ కౌగిలించుకుంటారని, ఏడుస్తారని అనుకున్నాను. అత్తమ్మ అదేం చేయలేదు. ఒక కుర్చీ గుమ్మంలోకి లాగించుకుని, వెలుతురు మొహం మీద పడేట్టు కూర్చుంది. కళ్ళద్దాలు తీసి నాకిచ్చింది. తల మీది కొంగు తీసేసింది.

చిన్నత్త వంగి, జానెడు దూరానికి మొహం తెచ్చి కుడి కన్ను నుదుటి మీద నుంచి మెల్లగా కిందికి కదిలించింది.

“ముక్కుపుల్ల మార్చినవా అక్కా?”

“మార్చిన.”

“గదువ మీద పుట్టుమచ్చ గట్లనే ఉన్నది.”

“ఎటు వోతది?”

చిన్నత్త వేళ్ళతో అక్క చెంప పట్టుకుని, ఎక్కడ తప్పిపోతుందోనన్నట్టు గబగబా చూడసాగింది. అత్తమ్మ ఆ చేతిని తన చేత్తో ఆపింది.

“మెల్లగ సూడు గంగూ. తొందరేం లేదు,” అంది. “పైసలు వెట్టి వచ్చినం.”